రంగం వెళ్ళిన ముత్తాత, మా ఇంటికొచ్చిన టైల్స్ మేస్త్రీ

2025 ఆగస్టులో మా మేడమీద రెండు గదులకి టైల్స్ వేయించాం. ఒడిశాలోని బరంపురంలో మా చుట్టుపక్కల వీధుల్లో నేను చూసినంతవరకు ఈ పనికి ఎక్కువగా వచ్చేది పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ వాళ్ళే. కాంట్రాక్టర్ ముగ్గురిని పంపాడు. పెద్ద మేస్త్రీకి నలభై ఏళ్ళుంటాయి, మిగతా ఇద్దరూ కుర్రాళ్ళు. మొదటిరోజు పొద్దున్న ఆయన మెట్లెక్కి రాగానే సంచిలోంచి ఒక పాలిథిన్ కవరు తీశాడు. అందులో ఆధార్, ఓటరు కార్డు, పంచాయతీ ముద్ర ఉన్న ఇంకో కాగితం. నేను అడగనే లేదు. "చూసుకోండి దీదీ, రేపు ఎవరైనా అడిగితే మీకు ఇబ్బంది కాకూడదు" అన్నాడు ఒడియాలో. ఆ కవరుని అన్నం క్యారేజీ పక్కనే గోడ మేకుకి తగిలించి, అప్పుడు సుత్తీ దారం తీసి పనిలో కూర్చున్నాడు.

మూడోరోజు సాయంత్రం మా చిన్నోడు స్కూల్ నుంచి వచ్చి పైకెళ్ళాడు. వాడికి పదేళ్ళు. మెట్లమీంచే కేకేశాడు: "అమ్మా, బంగ్లాదేశీవాళ్ళు నీళ్ళడుగుతున్నారు!"

వాడన్నది తెలుగులోనే. కానీ ఆ ఒక్క మాటకి ఏ భాషలోనూ అర్థం చెప్పక్కర్లేదు. అప్పటిదాకా టైల్ మీద టకటకమంటున్న రబ్బరు సుత్తి ఆగిపోయింది. మూడు నాలుగు క్షణాలు, అంతే. మళ్ళీ మొదలైంది. నేను నీళ్ళ సీసాలు పట్టుకుని వెళ్ళేసరికి ఆయన తలెత్తలేదు. గోళ్ళ నిండా తెల్ల సిమెంటు. కట్టిన దారం వంకే చూస్తూ టైల్ అంచుని బొటనవేలితో వెంట్రుకవాసి జరుపుతున్నాడు. కుర్రాళ్ళలో ఒకడు సీసా అందుకుని "థాంక్యూ" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆ మాట మా ఇంట్లో ఎవరం వాడం. అందుకే నేను ముందు స్కూల్ వ్యాన్‌ని, వాట్సాప్‌ని తిట్టుకున్నాను. దానికి కారణం లేకపోలేదు. అంతకు నెల ముందే, జూలైలో, మా రాష్ట్రంలోనే ఝార్సుగుడలో బెంగాలీ మాట్లాడే కూలీలను 400 మందికి పైగా బంగ్లాదేశీలన్న అనుమానంతో పోలీసులు పట్టుకుని ఉంచారు. కాగితాలు సరిచూసి చాలామందిని వదిలేశారు. వదిలేసిన సంగతి ఎవరి ఫోన్‌లోనూ తిరగలేదు. పట్టుకున్న వీడియోలు మాత్రం పిల్లల దాకా వచ్చాయి. పెద్ద మేస్త్రీ పాలిథిన్ కవరు సంగతి నాకు అప్పుడు అర్థమైంది. పనిముట్ల కంటే ముందు కాగితాలు తీయాల్సిన పరిస్థితి ఆయనది.

అయితే నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. ఇదే పిల్లాడు మూడో క్లాసులో ఉండగా ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చాడు. ఆటలో గొడవై ఎవరో వాణ్ణి "తెలెంగా" అన్నారట. తెలుగువాళ్ళని చులకన చేసే ఆ మాట ఇక్కడ మేమందరం ఎప్పుడో ఒకసారి విన్నదే. అనేవాళ్ళలో సగం మందికి అందులో తప్పుందని కూడా తెలీదు. "మనం ఇక్కడివాళ్ళం కాదా అమ్మా?" అని ఆ రాత్రి వాడు నన్నడిగాడు. అంత దెబ్బ తగిలిన పిల్లాడు, రెండేళ్ళు తిరక్కుండానే, అదే దెబ్బ ఇంకొకరికి కొట్టాడు. ఆ రెండూ ఒకటేనని వాడికి తోచలేదు. బాధ పడ్డవాడికి ఎదుటివాడి బాధ దానంతటదే తెలుస్తుందని నేను చాలాకాలం నమ్మాను. అలా తెలియదు. ఎవరో పక్కన కూర్చుని ఆ రెంటినీ కలిపి చూపించాలి.

మొదట నేను చేసిన పని మాత్రం అది కాదు. వాణ్ణి కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు పాఠం చెప్పాను. పైకి తీసుకెళ్ళి సారీ చెప్పించాను. వాడు నేలచూపులు చూస్తూ చెప్పాడు, ఆయన "పర్లేదు బాబూ" అన్నాడు, ఇద్దరికీ అది ఎప్పుడు అయిపోతుందా అన్నట్టే ఉంది. అక్కడితో ఆగలేదు. మర్నాడు మా ఆయనవి నాలుగు పాత చొక్కాలు ఇస్త్రీ చేయించి, పిల్లాడి చేత ఇప్పించాను. దయ నేర్పుతున్నాననుకున్నాను.

పెద్ద మేస్త్రీ చొక్కాలు తీసుకుని పక్కన పెట్టాడు. కాసేపటికి కిందకి వచ్చి, పిల్లాడు లేకుండా చూసి అన్నాడు: "దీదీ, బట్టలు ఉన్నాయి. శనివారం లెక్క తేల్చమని మీరు కాంట్రాక్టర్‌కి ఒకమాట చెప్తే అదే పెద్ద సాయం. ఇంతకుముందు చేసిన ఇంటివే రెండు వారాలవి బాకీ ఉన్నాయి."

ఆ కాంట్రాక్టర్‌తో చదరపు అడుగుకి ఎంతకి మాట్లాడుకున్నానో నాకు గుర్తొచ్చింది. పక్కింటివాళ్ళకంటే మూడు రూపాయలు తగ్గించి, మంచి బేరం చేశానని మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ మూడు రూపాయలు కాంట్రాక్టర్ జేబులోంచి తగ్గుతాయని నేనెలా అనుకున్నాను? తగ్గేది వీళ్ళ దగ్గరే. బేరం ఆడుతున్నప్పుడు పిల్లలిద్దరూ హాల్లోనే ఉన్నారు. అంతా విన్నారు. నేను ఇరవై నిమిషాలు చెప్పిన పాఠం కంటే ఆ పది నిమిషాల బేరం వాళ్ళకి బాగా ఎక్కి ఉంటుంది.

పిల్లల్ని మనసున్నవాళ్ళుగా పెంచడం గురించి ఈమధ్య చాలామంది మాట్లాడుతున్నారు. పుట్టినరోజుకి అనాథాశ్రమంలో భోజనాలు, పాత బొమ్మలు పంచడం, ఫొటోలు. వాటిని తప్పు పట్టను. కానీ వాటిల్లో ఇచ్చేచెయ్యి ఎప్పుడూ మన పిల్లాడిదే, పుచ్చుకునే చెయ్యి ఎప్పుడూ అవతలివాడిదే. అలాంటివే చూసి పెరిగిన పిల్లలకి జాలి వస్తుంది. ఎదుటివాడికి మనం బాకీ ఉన్నామన్న సంగతి తెలియదు. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడి విషయంలో మన ఇంట్లో మొదట సరిగ్గా ఉండాల్సింది లెక్క అని, ఆ లెక్క పిల్లల కళ్ళముందు జరగాలని నాకు ఆ ఆగస్టులో తెలిసింది.

ఆ ఆదివారమే పిల్లలిద్దర్నీ తీసుకుని ఇచ్ఛాపురం వెళ్ళాను. మా అమ్మమ్మ అక్కడ మావయ్య దగ్గర ఉంటుంది. ఎనభై ఎనిమిదేళ్ళు. చూపు తగ్గింది గానీ జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఆమె మంచం కింద ఒక రేకుపెట్టె, అందులో ఎరుపూ నలుపూ కలిసిన లక్క డబ్బా ఒకటి ఉంటాయి. మూత అంచున లక్క పెచ్చులూడి లోపలి వెదురు అల్లిక కనిపిస్తుంది. చిన్నప్పుడు ఆ డబ్బాలోంచి వక్కపలుకులు దొంగిలించేదాన్ని. అది రంగం నుంచి వచ్చిందని తెలుసు, అంతకుమించి ఎప్పుడూ అడగలేదు.

రంగం అంటే రంగూన్. మావైపు పెద్దవాళ్ళెవరూ రంగూన్ అనరు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలకు వేల మంది బర్మా వెళ్ళిన రోజులు అవి. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడలతో పాటు మన గోపాల్‌పూర్ రేవులోనూ స్టీమర్ ఆగేది. ఇప్పుడు మా పిల్లలు ఆదివారం సాయంత్రం ముంత మసాలా తినడానికి వెళ్ళే గోపాల్‌పూర్ బీచే. కూలీల్ని పోగుచేసి తీసుకెళ్ళే మేస్త్రీ ఊళ్ళోకొచ్చి ఇంటికింత అని బయానా ఇచ్చేవాడు, టికెట్ కొనేవాడు, అక్కడికెళ్ళాక జీతంలోంచి కోసుకునేవాడు. అప్పు తీరేదాకా మేస్త్రీ చెప్పిందే మాట. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ ఊళ్ళో సగానికి పైగా మనదేశంవాళ్ళే. రేవులో మూటలు మోసేవాళ్ళు, రిక్షాలు లాగేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతోమంది. కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళ వల్ల అక్కడ తెలుగువాళ్ళందరికీ 'కొరంగీలు' అని పేరు పడింది. అంతకంటే చులకనగా మనదేశంవాళ్ళందరినీ కలిపి 'కలా' అనేవారు.

"మా అయ్య రేవులో బియ్యం మూటలు మోసీవోడు. ఒక ఏడు గొడవలయినాయి. రెండ్రోజులు మిల్లులోపల తలుపులేసుకుని కూకున్నార్ట. ఆకలి గురించి సెప్పీవోడు కాదు గానీ, బయటోళ్ళు 'కలా' అని అరిసిన అరుపు మట్టుకు సచ్చీదాకా మరిసిపోనేదు" అంది అమ్మమ్మ.

ఆ గొడవ ఏదో నాకు తర్వాత తెలిసింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సరుకు ఆగకుండా కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తేలగానే బర్మావాళ్ళని పొమ్మని, పాతవాళ్ళని పిలిచాయి. పొద్దున్నే పనికొచ్చి, పని లేదన్న మాట విన్న మనిషికి కోపం ఎవరి మీద రావాలి? వచ్చింది పక్కనున్న కొరంగీ మీద. వందమందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్ళే.

మా ముత్తాత ఆ తర్వాత రెండు మూడేళ్ళకి, ఆ డబ్బా పట్టుకుని తిరిగొచ్చేశాడు. ఆయన తమ్ముడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. 1941 డిసెంబర్‌లో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడలు దొరకనివాళ్ళు లక్షల్లో, అరకాన్ కొండల మీదుగానో మణిపూర్ వైపుగానో, అడవులంట నడిచి బయల్దేరారు. చిన్న ముత్తాత కూడా బయల్దేరాడని ఎవరో వచ్చి చెప్పారట. ఆయన ఇంటికి చేరలేదు. అమ్మమ్మకి అప్పుడు ఐదేళ్ళు. సాయంత్రమైతే వాళ్ళ నాయనమ్మ ఊరి పొలిమేర దాకా వెళ్ళి నిలబడి వచ్చేదట, చాలా ఏళ్ళు.

మా చిన్నోడు ఆ డబ్బా మూత తీస్తూ పెడుతూ వింటున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు: "వాళ్ళు ముత్తాతని అలా అన్నప్పుడు, ఆయన దగ్గర ఆధార్ కార్డు లేదా?"

నేను జవాబు చెప్పలేదు. రెండూ కలిసిపోయాయి వాడి బుర్రలో, నాకది చాలు.

మా ఊరి విషయమే చూడండి. బరంపురం పట్టుచీరలకి పేరున్న ఊరు. ఆ మగ్గాలు మొదట పెట్టింది మహురి రాజు పిలిపించుకుంటే వచ్చిన తెలుగు నేతవాళ్ళు. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి జాత్ర జరిగితే అమ్మవారు పుట్టింటికని వచ్చేది ఆ నేతవాళ్ళ వీధికే. వాళ్ళ కులపెద్ద దేశీ బెహెరా ఆమెకి తండ్రి వరస. ఊరంతా, ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ, ఘటం వెనక నడుస్తారు. ఎక్కడినుంచో వలసొచ్చినవాళ్ళ ఇల్లు ఊరి తల్లికి పుట్టిల్లయింది! పూరీలో పెంఠకటలో, గోపాల్‌పూర్ తీరంలో చేపలు పట్టే నోలియాలు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఇక మా తాతల సంగతైతే, వాళ్ళు ఎక్కడికీ కదల్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు, నిన్నటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఇల్లు తెల్లారేసరికి ఇంకో రాష్ట్రంలో ఉంది. ఎవరు లోపలివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అన్న గీత మా ఇంటి గడపలోంచే ఒకసారి పోయింది కాబట్టి, దాని మీద మాకు మరీ అంత నమ్మకం ఉండకూడదు.

మా ఊరున్న ఈ గంజాం జిల్లా నుంచే ఇప్పుడు కుర్రాళ్ళు సూరత్ వెళ్తున్నారు. మరమగ్గాల దగ్గర పన్నెండు గంటల షిఫ్టు. మీటరుకింత అని కూలి. మెస్ గదుల్లో పగటి షిఫ్టువాడు లేచిన చాపమీదే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. 2025 సెప్టెంబర్‌లో బరంపురం నుంచి సూరత్ పక్కనున్న ఉధ్నాకి నేరుగా అమృత్ భారత్ బండి కూడా వేశారు. ఎంతమంది వెళ్తే ఏకంగా ఒక రైలు వేస్తారో ఆలోచించండి.

2020 లాక్‌డౌన్ గుర్తుందా మీకు? మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మే మొదటి వారంలో సూరత్ నుంచి శ్రామిక్ రైళ్ళు గంజాంకి రావడం మొదలైంది. వచ్చినవాళ్ళని బడుల్లో పెట్టారు. సర్పంచ్‌లకి కలెక్టర్ అధికారాలిచ్చారు. పద్నాలుగు రోజులు ఉంటే 2,000 రూపాయలిస్తామన్నారు. అదంతా ప్రభుత్వం పని. మా వీధి చేసిన పని వేరు. వీధి మొదట్లో వెదుళ్ళు అడ్డం కట్టారు. చివరింట్లో ఒకావిడ కొడుకు క్వారంటైన్ పూర్తిచేసుకుని, కాగితం చేతిలో పట్టుకుని వచ్చినా ఆ వెదుళ్ళు తీయలేదు. మధ్యాహ్నం ఎండలో సంచి నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. తల్లి ఇవతల, కొడుకు అవతల. నేను కిటికీలోంచి చూశాను. చూసి, కిటికీ వేసేశాను. భయమేసింది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు అనుకున్నాను. ఇంకెవరో వెళ్ళి గంట తర్వాత అతన్ని లోపలికి తెచ్చారు.

మా అమ్మాయి ఆ కిటికీ దగ్గర నా పక్కనే ఉంది. ఐదేళ్ళు దాని గురించి ఒక్క మాట అనలేదు. మొన్న టైల్స్ గొడవప్పుడు తమ్ముణ్ణి నేను తిడుతుంటే, నెమ్మదిగా అంది: "అప్పుడు మనం కూడా తలుపు తీయలేదు కదమ్మా." పిల్లలు మర్చిపోతారని మనం అనుకుంటాం. ఆ మాట విన్నాక నేను వాణ్ణి తిట్టడం ఆపేశాను.

ఇలాంటివి రాస్తే నాకు ఎదురయ్యే మాటలు నాకు తెలుసు. 'పిల్లలకెందుకు ఈ టెన్షన్లన్నీ, చదువుకోనివ్వండి' అంటారు. పిల్లలకి ఆ వీడియోలు చేరకుండా ఆపగలిగితే ఒప్పుకునేదాన్నే. ద్వేషం పదేళ్ళకే చేరుతున్నప్పుడు న్యాయం మాత్రం పద్దెనిమిది దాటాకే రావాలంటే ఎలా?

ఇంకో మాట అంత తేలిగ్గా తీసేయలేను. మా వీధి చివర ఉండే తాపీమేస్త్రీ అన్నాడు: "వాళ్ళొచ్చాక మా రేటు పడిపోయిందమ్మా. మీరు వాళ్ళ మీద జాలిపడితే మా గతేంటి?" ఆయన కొడుకే సూరత్‌లో మగ్గం మీద ఉన్నాడు. ఆయన బాధ నిజం. దానికి నేను చెప్పగలిగిందల్లా రంగూన్ రేవు కథే. తక్కువకి వచ్చేవాడు దొరికితే ఎక్కువ అడిగేవాణ్ణి పంపెయ్యడం కంపెనీలకి, కాంట్రాక్టర్లకి తొంభై అయిదేళ్ళ క్రితమే తెలుసు. వచ్చినవాడికీ ఉన్నవాడికీ ఒకే కూలి ఇవ్వాల్సి వస్తే ఆ ఆట సాగదు. చట్టం అన్నది కూడా అదే. బయానా తీసుకుని పరాయి రాష్ట్రం వెళ్ళే కూలీని ఒడియాలో దాదన్ అంటారు. ఆ దాదన్ కూలీల గోస చూసి ఒడిశా 1975లో ఒక చట్టం చేసింది. 1979లో కేంద్రం వలస కార్మికుల చట్టం తెచ్చింది. పిలిపించే కాంట్రాక్టర్‌కి లైసెన్స్ ఉండాలి, స్థానిక కూలీకి ఎంతో వలస కూలీకీ అంతే ఇవ్వాలి, దారిఖర్చు ఇవ్వాలి. అదంతా ఇప్పుడు 2020 నాటి కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. నలభై ఏళ్ళు కాగితం మీద ఉన్న ఆ సమాన కూలి మా మేడమీదకి రాలేదంటే, అందులో నా బేరానికీ వాటా ఉంది. తాపీమేస్త్రీకి ఈ మాట చెప్తే ఆయన ఒప్పుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. "మా వోడికీ అక్కడ అంతే కదా" అని లేచి వెళ్ళిపోయాడు.

'మరి నిజంగానే సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ మాటేంటి?' అని మా ఆయనే అడిగాడు. అది తేల్చడానికి చట్టం ఉంది, కోర్టులున్నాయి. భాషని బట్టీ, లుంగీని బట్టీ తేల్చే పని ఐదో క్లాసు పిల్లాడిది కాదు, వీధిది అంతకన్నా కాదు. దేశంలో ఎక్కడైనా తిరగడానికి, ఎక్కడైనా ఉండడానికి రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కుతోనే సూరత్‌లో మన కుర్రాళ్ళూ ఉన్నారు, ముర్షిదాబాద్ మేస్త్రీ మా ఇంటికొచ్చాడు.

పైగా సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు మనకి కొత్తా? గజపతి జిల్లాలో చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. చైనా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కొండలు దాటి వచ్చినవాళ్ళు. ప్రభుత్వం భూములిస్తే మొక్కజొన్న పండించుకున్నారు. జిరంగ్‌లో 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన పెద్ద ఆరామం ఉంది. మా పిల్లలు అక్కడికి పిక్నిక్‌కి వెళ్ళారు, మోమోలు తిన్నారు, జెండాల కింద ఫొటోలు దిగారు. చలికాలం వస్తే వాళ్ళ దగ్గరే స్వెట్టర్లు కొంటాం. వాళ్ళని చూసి ఏ పిల్లాడూ భయపడడు, ఎందుకంటే మనం భయపడలేదు. నిలబడ్డానికి ఇంత చోటిచ్చి, పేరు పెట్టి పిలిస్తే మనిషి మనిషిగా కనిపిస్తాడు అనడానికి నాకు ఇంకో రుజువు అక్కర్లేదు.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు ఉండేవారు. 1863లో పుట్టిన ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. మా తెలుగు సంఘంలోనూ చేస్తాం. తెలుగుకోసం ఆయన ఎంత కొట్లాడారో ఉపన్యాసాల్లో చెప్తాం. పిల్లలకి నేను చెప్పింది మాత్రం ఇంకోటి. బడిపంతులుగా ఉంటూ ఆయన కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. సవర పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని, సొంత డబ్బుతో అన్నం పెట్టి, వాళ్ళ భాషలోనే చదువు చెప్పారు. వాళ్ళకోసం వాచకాలు రాశారు, నిఘంటువు చేశారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన 1936లో ఆ పెద్దవయసులో ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. తన భాష మీద అంత పట్టుదల ఉన్న మనిషే ఎవరూ లెక్కచేయని ఇంకో భాష ముందు విద్యార్థిగా కూర్చున్నారు.

ఆ కథ మా చిన్నోడికి పని చేసింది. పైకి వెళ్ళి పెద్ద మేస్త్రీ పక్కన కూర్చుని బెంగాలీ అంకెలు నేర్చుకున్నాడు. ఎక్, దుయ్, తిన్, చార్. ఆయనకీ వీడి వయసు కొడుకే ఉన్నాడట, నాలుగో క్లాసు. ఫోన్‌లో వీడియో చూపించాడు. చెరువులో దూకుతున్నాడు ఆ అబ్బాయి. ఆయన వీడికి టైల్ వెనక సిమెంటు ఎలా పరవాలో, నాలుగు మూలలూ ఎలా సమం చూడాలో నేర్పాడు. కిటికీ కింద ఒక టైల్ వీడే వేశాడు.

లెక్క కూడా వీడికే ఇచ్చాను. ఒక నోటుపుస్తకం కొని, రోజూ ఎవరొచ్చారు, ఎన్నింటికి వచ్చారు, పూర్తి రోజా సగం రోజా అని రాయమన్నాను. కాంట్రాక్టర్‌ని పిలిచి, చదరపు అడుగుకి మూడు రూపాయలు పెంచుతాను గానీ ప్రతి శనివారం మా ఇంట్లోనే, మా కళ్ళముందే వాళ్ళ డబ్బు వాళ్ళకి ఇవ్వాలన్నాను. కాంట్రాక్టర్‌కి నచ్చలేదు. గొంతు లేచింది, నాదీ లేచింది. మా ఆయన మధ్యలోకి వచ్చాడు. చివరికి ఒప్పుకున్నాడు. పాత ఇంటి బాకీ మాత్రం మొత్తం రాబట్టలేకపోయాను. ఒక వారానిది వచ్చింది, ఇంకో వారానిది రాలేదు. పిల్లలు అదీ చూశారు. 'మరి పోలీసులకి చెప్పొచ్చుగా' అంది మా అమ్మాయి. "వెళ్తే ముందు నా కవరే అడుగుతారమ్మా" అన్నాడు మేస్త్రీ.

సెప్టెంబర్ రెండో వారంలో పని అయిపోయింది. ముగ్గురూ ఇంకో ఊళ్ళో పనుందని వెళ్ళిపోయారు. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా చిన్నోడు ఆ నోటుపుస్తకం పట్టుకొచ్చాడు. ఒక శుక్రవారం దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఆరోజు వాన వల్ల సగం రోజని రాసి ఉంది. కానీ వాన తగ్గాక చిన్న కుర్రాడు మళ్ళీ వచ్చి బాత్‌రూమ్‌లో సందులన్నీ పూడ్చి వెళ్ళాడట. వాడు పెన్సిల్‌తో పక్కన 'సాయంత్రం కూడా' అని రాసుకున్నాడు. శనివారం డబ్బులిచ్చేటప్పుడు నేను దాన్ని చూడలేదు.

"సగం రోజుది ఇవ్వలేదమ్మా మనం. 250."

పెద్ద మేస్త్రీకి ఫోన్ చేసి, ఆ కుర్రాడి నంబర్ తీసుకుని పంపించాం. డబ్బు వెళ్ళినట్టు గంట మోగాక వాడు పెన్సిల్ గీత మీద పెన్నుతో టిక్కు పెట్టి, పుస్తకం నా అలమారులో కాకుండా తన స్కూల్ బ్యాగులో పెట్టుకున్నాడు.